కదిలిన చుక్కను పట్టుకున్న ఊరు

(చెన్నై టి.నగర్‌లో తెలుగు కుటుంబాలు, విద్యార్థుల ముందు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక వరసలో మైకు వినబడుతోందా అమ్మా? సరే. పిల్లలు ముందుకొచ్చి జంపఖానా మీద కూర్చోవచ్చు.

సౌరకుటుంబం గురించి మాట్లాడమన్నారు. గ్రహాల పేర్లు, వాటి వరస పిల్లలకి చిన్న క్లాసులోనే వచ్చేసి ఉంటాయి. వాటిని మళ్ళీ అప్పజెప్పించుకోవడానికి నేను రాలేదు. ఆ సంగతులన్నీ మనిషికి ఎలా తెలిశాయి, అందులో మనం కూర్చున్న ఈ ఊరికి, మన తెలుగువాళ్ళకి ఎంత పాలు ఉంది అన్నది చెప్పాలని చాలా ఏళ్ళుగా నాకు కోరిక. ఇవాళ ఆ అవకాశం దొరికింది.

నేను పుట్టి పెరిగింది పెరంబూర్‌లో. ఎండాకాలం రాత్రిళ్ళు మిద్దె మీద నీళ్ళు చల్లి, చాపలు పరుచుకుని పడుకునేవాళ్ళం. మా అవ్వది నెల్లూరు వైపు పల్లెటూరు. బడికి పోలేదు. తెల్లవారుజామున పాలకోసం లేచినప్పుడు నన్ను కూడా తట్టి లేపి, తూర్పున చూపించి, "అదిగోరా వేగుచుక్క" అనేది. కొన్నాళ్ళకి అది కనబడకుండా పోయింది. ఏమైందవ్వా అంటే, "మూఢం వచ్చింది నాయనా, ఇంక పెళ్ళిళ్ళు లేవు" అంది. చుక్క కనబడకపోతే పెళ్ళి ఎందుకు ఆగాలో నాకు అర్థం కాలేదు. ఆ ముక్క నా బుర్రలో ఉండిపోయింది. కాలేజీలో ఫిజిక్స్ చదివేటప్పుడు గానీ అది విడిపోలేదు.

వేగుచుక్క అంటే శుక్రుడు. భూమికంటే సూర్యుడికి దగ్గరగా తిరుగుతాడు కాబట్టి మనకి ఎప్పుడూ సూర్యుడి పక్కనే కనబడతాడు. తెల్లవారుజామున తూర్పున కొన్ని నెలలు, సాయంత్రం పడమట కొన్ని నెలలు. ఈ రెండింటి మధ్య సూర్యుడి వెలుగులో కలిసిపోయి కంటికి దొరకడు. ఆ రోజులకే మూఢం అని పేరు. ఇందులో ఒక విశేషం ఉంది. పంచాంగం చూసే పెద్దలకి తెలుసు, శుక్ర మూఢం ఒకసారి కొద్ది రోజుల్లోనే అయిపోతుంది, ఇంకోసారి రెండు నెలల దాకా సాగుతుంది. ఎందుకలా?

చిన్న మూఢంలో శుక్రుడు మనకీ సూర్యుడికీ మధ్యలోంచి పోతాడు. మనకి దగ్గరగా ఉంటాడు కాబట్టి, రైలు కిటికీ పక్కనున్న కరెంటు స్తంభంలా గబుక్కున దాటిపోతాడు. పెద్ద మూఢంలో సూర్యుడికి అవతల, దూరంగా ఉంటాడు. దూరాన ఉన్న కొండ కిటికీలోంచి చాలాసేపు కనబడుతూనే ఉంటుంది చూడండి, అలా నెమ్మదిగా జరుగుతాడు. మా అవ్వ చూపించిన చుక్క తెల్లవారుజాముది. అది మాయమైందంటే సూర్యుడి వెనక్కి పోయిందన్నమాట, పెద్ద మూఢం. మళ్ళీ కనబడేది సాయంత్రం, పడమటి వైపు. ఈ చక్రం మొత్తం తిరగడానికి 584 రోజులు పడుతుంది. పెళ్ళి ముహూర్తాల నమ్మకం సంగతి అలా ఉంచండి. ఆ మాట పుట్టాలంటే ఎవరో ఒకరు ఏళ్ళ తరబడి, రోజూ, ఆ చుక్క ఉందా లేదా అని చూసి ఉండాలి. ఆ చూపు అంటే నాకు ప్రాణం.

పుష్కరాలూ అంతే. గోదావరి పుష్కరాలు 2015లో వచ్చాయి, మళ్ళీ 2027లో. గురుడు సింహరాశిలోకి వస్తే గోదావరికి, కన్యలోకి వస్తే కృష్ణకి. గురుడు సూర్యుడి చుట్టూ ఒకసారి తిరగడానికి 11.86 ఏళ్ళు పడుతుంది. పన్నెండు రాశులకి పంచితే ఏడాదికి ఒక రాశి. లెక్క సరిగ్గా పన్నెండు కాకుండా కాస్త తక్కువ ఉండటం వల్ల, అప్పుడప్పుడూ పదకొండో ఏటే వచ్చేస్తుంది. హరిద్వార్ కుంభమేళా 2010 తర్వాత 2021లో జరిగింది అందుకే. శనికి 29 ఏళ్ళ 6 నెలలు. రాశికి రెండున్నరేళ్ళు, మూడు రాశులకి ఏడున్నర. ఏలినాటి శని లెక్క అదే. శని భయం గురించి నన్ను అడక్కండి, ఆయన నడక గురించి అడగండి, చెప్తాను. రాహుకేతువులు కంటికి కనబడే వస్తువులు కావు. చంద్రుడి దారి, సూర్యుడి దారి ఒకదాన్నొకటి దాటే రెండు చోట్లు. సూర్యచంద్రులు ఆ చోట్లకి దగ్గరగా వచ్చినప్పుడే గ్రహణం పడుతుంది. ఆ చోట్లు కూడా మెల్లగా వెనక్కి జరుగుతూ 18 ఏళ్ళ 7 నెలలకి ఒక చుట్టు తిరుగుతాయి.

ఇవాళ నేను చెప్పే కథలన్నిటికీ ఒకటే మూలం: ఏదో ఒక చుక్క కదిలింది, అది కదిలిందని ఒకరు కనిపెట్టారు.

ముందు ఈ కుటుంబం ఎంత పెద్దదో చూద్దాం. మనకి పక్కనే పానగల్ పార్కు ఉంది. మన తెలుగు పానగల్ రాజాగారి పేరే ఆ పార్కుకి. ఆ పార్కు మధ్యలో సూర్యుణ్ణి పెడదాం, వంద కోట్ల రెట్లు కుదించి. అప్పుడు సూర్యుడు 1.4 మీటర్ల గుండు, మన భుజాల ఎత్తు. భూమి? పెద్ద కాబూలీ శనగ గింజ, 150 మీటర్ల దూరంలో. ఆ గింజకి మూరెడు లోపలే ఒక మిరియం గింజ, అదే మన చందమామ. మనిషి ఇంతవరకూ కాలు పెట్టి వచ్చిన దూరం ఆ మూరెడే. బుధుడు 58 మీటర్ల దగ్గర పెసరగింజ. కుజుడు 228 మీటర్ల దగ్గర చిన్న బఠాణీ. గురుడు పీచు తీసిన కొబ్బరికాయ, 780 మీటర్ల అవతల, పాండీ బజారులో ఎక్కడో. శని ఇంకాస్త చిన్న కొబ్బరికాయ, ఒకటిన్నర కిలోమీటరుకి కొంచెం తక్కువ. యురేనస్, నెప్ట్యూన్ రెండు నిమ్మకాయలు. నెప్ట్యూన్ నాలుగున్నర కిలోమీటర్ల దూరంలో, గంట నడక. ఇక సూర్యుడి తర్వాత మనకి దగ్గరి నక్షత్రం ఎక్కడ పెట్టాలి? 40,000 కిలోమీటర్ల అవతల. అంటే పానగల్ పార్కు దగ్గర బయల్దేరి భూమి మొత్తం చుట్టి మళ్ళీ పానగల్ పార్కుకే రావాలి. ఇది మొదటిసారి లెక్క వేసుకున్న రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

ఒక మాట చెప్పి ముందుకు పోతాను. శుక్రుడు భూమి అంత గింజే, 108 మీటర్ల దగ్గర. బుధుడికంటే సూర్యుడికి దూరంగా ఉన్నా వేడి మాత్రం బుధుడికంటే ఎక్కువ. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటాం. అక్కడ 460 డిగ్రీలు దాటుతుంది, సీసం కరిగిపోతుంది, రాత్రయినా తగ్గదు. కారణం కార్బన్ డయాక్సైడ్. ఆ గాలి దుప్పటిలా కప్పి వేడిని బయటికి పోనివ్వదు.

కుజుడికీ గురుడికీ మధ్య చాలా ఖాళీ ఉంది, గమనించారా? ఇక్కడ 228 మీటర్లు, అక్కడ 780. ఆ ఖాళీలో ఏదో ఉండాలని యూరప్‌లో చాలామంది వెతికారు. 1801 జనవరి 1న సిసిలీ ద్వీపంలో పియాజీ అనే ఆయనకి సీరీస్ దొరికింది. మన లెక్కలో ఆవగింజ కంటే చిన్నది. తర్వాత ఒకటొకటిగా ఇంకా దొరికాయి. వీటినే గ్రహశకలాలు అంటున్నాం. ఇప్పటికి పది లక్షలకు పైగా లెక్కకొచ్చాయి. అన్నీ కలిపి ముద్ద చేసినా మన చందమామ బరువులో నూటికి నాలుగు వంతులు కూడా రావు. గ్రహం కాలేక మిగిలిపోయిన సరుకు ఇది. సౌరకుటుంబం పుట్టినప్పటి మట్టి, రాయి, ఇనుము పెద్దగా మారకుండా ఇప్పటికీ వాటిలో ఉన్నాయి. అందుకే నాకు పెద్ద గ్రహాలకంటే ఇవంటేనే మక్కువ.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. నుంగంబాక్కం కాలేజ్ రోడ్డులో వాతావరణ శాఖ ఆఫీసు ఉంది కదా, తుపాను వస్తే టీవీలో చూపిస్తారే, అదే. ఆ ఆవరణలో ఒకప్పుడు మద్రాసు వేధశాల, అంటే దూరదర్శినితో ఆకాశాన్ని గమనించే చోటు, ఉండేది. 1786లో విలియం పెట్రీ అనే ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి సొంతంగా మొదలుపెట్టాడు. తర్వాత కంపెనీ తీసుకుని 1792లో నుంగంబాక్కంలో కట్టడం కట్టింది. దూరదర్శిని ఊగకుండా నిలబెట్టడానికి ఒక పెద్ద నల్లరాతి స్తంభం నాటారు. అది ఇప్పటికీ ఉంది. పర్మిషన్ తీసుకుని వెళ్ళి చూశాను. మీద లాటిన్, తమిళంతో పాటు తెలుగులో కూడా చెక్కారు. వెయ్యేళ్ళ తర్వాతి వాళ్ళకి కూడా ఇక్కడ ఈ శాస్త్రం మొదలైన సంగతి తెలియాలని చెక్కించిన మాటలవి. రాయి చల్లగా ఉంది. ఆ తెలుగు అక్షరాల గాడిలో వేలు పెట్టి మెల్లగా రాసుకుంటూ పోయాను. తెలుగువాళ్ళు చదువుతారని 1792లో వాళ్ళు అనుకున్నారు. చదవడానికి ఆ రోజు నేను ఉన్నాను. అంతకంటే నాకు మాటలు రావు.

ఈ వేధశాలకి 1861లో నార్మన్ పాగ్సన్ అనే ఆయన వచ్చారు. చుక్కల వెలుగుకి ఇవాళ ప్రపంచమంతా వాడే కొలత ఆయన 1856లో ప్రతిపాదించిందే: ఒకటో తరగతి చుక్క ఆరో తరగతి చుక్కకంటే సరిగ్గా 100 రెట్లు ఎక్కువ వెలుగు. ఆయన ఇక్కడికొచ్చిన కొద్ది నెలలకే, ఏప్రిల్ 17న, ఒక కొత్త గ్రహశకలాన్ని పట్టుకున్నారు. అప్పటికి తెలిసిన వాటిలో అది 67వది. ఆసియా ఖండం నుంచి దొరికిన మొదటిది కాబట్టి దానికి ఆసియా అనే పేరు పెట్టారు. అది దొరికింది ఇక్కడే, నుంగంబాక్కంలో.

ఎలా పట్టుకుంటారు? ఫోటోలు లేని కాలం. ఆకాశంలో ఒక చిన్న ముక్క ఎంచుకుని, దూరదర్శినిలో కనబడే ప్రతి చుక్కనీ కాగితం మీద పెట్టాలి. మర్నాడు మళ్ళీ అదే ముక్క చూసి, కాగితంతో పోల్చాలి. వందల చుక్కల్లో ఒక్కటి చోటు మారి ఉంటే, అదే. ఈ పని ఎలా ఉంటుందో తెలుసుకోవాలని ఒకసారి మా మిద్దె మీద బైనాక్యులర్‌తో నేనూ చేశాను. పాగ్సన్ పట్టిన వాటికంటే చాలా వెలుగున్న వెస్టా అనే గ్రహశకలాన్ని ఎంచుకున్నాను. మొదటి రాత్రి పద్దెనిమిది చుక్కలు పెట్టాను. టైము రాయడం మరిచిపోయాను. తర్వాత రెండు రాత్రులు మబ్బు. నాలుగో రాత్రి పెడితే పదిహేడు చుక్కలు అక్కడే ఉన్నాయి, ఒకటి పక్కకి పోయింది, చందమామ వెడల్పుకంటే ఎక్కువే. కానీ ఎంత సేపట్లో ఎంత జరిగిందో లెక్క కడదామంటే మొదటి రాత్రి టైము లేదు. మొత్తం మళ్ళీ మొదలుపెట్టాల్సి వచ్చింది. అయినా ఆ పక్కకి జరిగిన చుక్కని చూసిన క్షణంలో గుండె దడదడలాడింది. పాగ్సన్‌కి ఈ ఊళ్ళో ఆ క్షణం ఐదుసార్లు వచ్చింది. ఆసియా తర్వాత 1864లో శాఫో, 1866లో సిల్వియా, 1868లో కెమిల్లా, 1885లో వేరా. 1891లో ఆయన ఈ ఊళ్ళోనే కన్నుమూశారు.

ఇందులో శాఫో చేసిన పని చూడండి. భూమి నుంచి సూర్యుడు ఎంత దూరం? ఆ కాలంలో అందరికీ ఇదే పెద్ద ప్రశ్న. చెయ్యి చాచి బొటనవేలు నిలబెట్టండి. ఒక కన్ను మూసి చూడండి, ఆ కన్ను తెరిచి రెండోది మూయండి. వేలు పక్కకి దూకింది కదా? ఎంత దూకిందో కొలిస్తే వేలు ఎంత దూరంలో ఉందో చెప్పొచ్చు. అలాగే భూమి మీద రెండు దూరపు చోట్ల నుంచి ఒక గ్రహాన్ని చూస్తే, దాని దూరం, దాన్నుంచి సూర్యుడి దూరం తేలుతుంది. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా నల్ల చుక్కలా దాటాడు. ఆ రోజు ఆ కొలత కోసమే ప్రపంచమంతా కాచుకుని కూర్చుంది. విశాఖపట్నంలో మన తెలుగాయన అంకితం వెంకట నరసింగరావు గారు చూశారు. ఆ విశాఖ వేధశాలని 1840లో కట్టినది ఆయన మామగారు గోడే వెంకట జగ్గారావు గారు. జగ్గారావు గారు ఖగోళశాస్త్రం నేర్చుకున్నది ఈ మద్రాసు వేధశాలలో, టేలర్ దొర దగ్గర. ఇక్కడ పాగ్సన్‌కి కుడిభుజంగా పనిచేసిన చింతామణి రఘునాథాచారి గారు ఆ శుక్ర సంక్రమణం గురించి మామూలు జనానికి అర్థమయ్యేలా పుస్తకం రాశారు, అదీ దేశభాషల్లో. నూటయాభై ఏళ్ళ కిందట!

కానీ శుక్రుడి కొలతతో ఒక చిక్కు. శుక్రుడు పెద్ద బింబం. సూర్యుడి అంచు తాకేటప్పుడు నల్లటి బొట్టు సాగినట్టు కనబడుతుంది, సరిగ్గా ఏ సెకనులో తాకాడో తేలదు. గ్రహశకలమైతే సూది మొనలా ఉంటుంది, చుక్కల మధ్య దాని చోటు నిక్కచ్చిగా కొలవచ్చు. అందుకని దక్షిణాఫ్రికాలో డేవిడ్ గిల్ అనే ఆయన 1888, 89లలో మూడు గ్రహశకలాలని ఎంచుకున్నారు. ఐరిస్, విక్టోరియా, మూడోది మన నుంగంబాక్కం శాఫో. ఆ కొలత ఇరవయ్యో శతాబ్దంలో సగం పైగా ఖగోళ గణనలకి ఆధారమైంది. ఇవాళ మనం చెప్పుకునే దూరం 14 కోట్ల 96 లక్షల కిలోమీటర్లు. గిల్ చెప్పింది దానికి చాలా దగ్గర.

సిల్వియా, కెమిల్లాల సంగతి ఇంకా బాగుంటుంది. సిల్వియా చుట్టూ ఒక చిన్న చందమామ తిరుగుతోందని 2001లో తెలిసింది. 2004లో తీసిన చిత్రాల్లో రెండోది దొరికింది. ఒక గ్రహశకలానికి రెండు చందమామలు ఉండటం అదే మొదటిసారి చూడటం. తర్వాత కెమిల్లాకి కూడా రెండు తేలాయి. పాగ్సన్ కంటికి అవి ఉత్త చుక్కలు. ఆయన పట్టుకున్న ఆ రెండు చుక్కలూ రెండు చిన్న కుటుంబాలని ఆయనకి తెలిసే దారే లేదు.

మన తెలుగు నేల మీద జరిగింది ఇంకొకటి చెప్పకుండా పోలేను. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. పాగ్సన్ మచిలీపట్నం వెళ్ళారు, రఘునాథాచారి గారు వనపర్తి వెళ్ళారు, ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ గుంటూరు వచ్చారు. సూర్యుడి అంచున ఎగిసే మంటల వెలుగుని పట్టకంతో విడదీసి చూస్తే ఒక పసుపుపచ్చ గీత కనబడింది. భూమి మీద అప్పటికి తెలిసిన ఏ మూలకానికీ పూర్తిగా సరిపోని గీత అది. తర్వాత ఇంగ్లండు శాస్త్రవేత్త లాక్యర్ దానికి సూర్యుడి పేరు మీద హీలియం అని పేరు పెట్టారు. భూమి మీద అది దొరికింది 1895లో. బుడగల్లో నింపుతారే, ఆ హీలియం జాడ ముందు దొరికింది సూర్యుడిలో. దాన్ని చూసింది గుంటూరు, బందరు ఆకాశం కింద.

1899లో సూర్యుడి పరిశోధన కొడైకెనాల్‌కి తరలింది. తర్వాత వాణియంబాడి దగ్గర జవ్వాదు కొండల్లో కావలూరు వేధశాల వచ్చింది, ఖగోళ శాస్త్రవేత్త వైనుబప్పు గారి చలవ. 1977 మార్చి 10న యురేనస్ ఒక నక్షత్రానికి దగ్గరగా పోతుంటే కావలూరు నుంచి గమనించారు. ఆ నక్షత్రం వెలుగు ఒక్కసారి తగ్గి మళ్ళీ వచ్చింది. కొత్త చందమామేమో అని మొదట ప్రకటించారు. అదే రోజు విమానంలోంచి చూసిన అమెరికా బృందానికి వెలుగు చాలాసార్లు తగ్గింది. అవి యురేనస్ వలయాలు. శని తర్వాత వలయాలున్నాయని తెలిసిన రెండో గ్రహం అదే. 1988లో కావలూరు నుంచే దొరికిన ఒక గ్రహశకలానికి మన మద్రాసు పోర్ట్ ట్రస్టులో గుమాస్తాగా పనిచేసిన శ్రీనివాస రామానుజన్ పేరు పెట్టారు, 4130 రామానుజన్.

సరే, ప్రశ్నలు ఉంటే అడగండి. ఆ పాప ఏదో అడుగుతోంది, మైకు ఇవ్వండి... "ఆసియా ఇప్పుడు ఎక్కడుంది, మేం చూడొచ్చా?" అంటోంది. మంచి ప్రశ్న తల్లీ. అది సూర్యుడి చుట్టూ తిరగడానికి మూడేళ్ళ తొమ్మిది నెలలు పడుతుంది. పాగ్సన్ చూసినప్పటి నుంచి నలభైసార్లకు పైగా తిరిగేసింది, ఇప్పుడూ తిరుగుతూనే ఉంది. ఉత్త కంటికి కనబడదు, మంచి టెలిస్కోపు కావాలి.

కానీ నువ్వు ఇంటి దగ్గర చెయ్యగలిగింది ఒకటుంది. గురుడు రాత్రిపూట కనబడే నెలల్లో బైనాక్యులర్‌ని గోడ మీదో స్టూలు మీదో కదలకుండా ఆనించి చూడు. పక్కనే ఒకే గీత మీద చిన్న చుక్కలు మూడో నాలుగో ఉంటాయి. 1610లో గెలీలియో చూసిన చందమామలు అవి. లోపలిది గురుణ్ణి రెండు రోజుల్లోపే చుట్టేస్తుంది, బయటిది పదహారు రోజుల పైన తీసుకుంటుంది. తలుపు దగ్గర బల్ల మీద తెల్ల కాగితాలు పెట్టించాను, ఒక్కొక్కదాని మధ్యలో గురుడికి గుండ్రం గీసి ఉంటుంది. ఇంటికి పదేసి తీసుకెళ్ళండి. వరసగా పది రాత్రులు చుక్కలు పెట్టండి. ప్రతి కాగితం మీద తేదీ, టైము రాయడం మాత్రం మరవకండి.